యూరిన్ రిపోర్టులో 'ఎసిడిక్' అని ఉంటే భయపడాలా?

వానలు మొదలైతే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లలకు వాంతులు, విరేచనాలు మామూలే. ఆస్పత్రిలో యూరిన్ టెస్ట్ చేయిస్తే ఒక్కోసారి 'పీహెచ్ 5.0, ఎసిడిక్' అని వస్తుంది. అది చూసి కిడ్నీ పాడైందేమోనని చాలామంది తల్లిదండ్రులు కంగారుపడతారు. చాలాసార్లు అది కిడ్నీ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉండాలి. మూత్రం మాత్రం 4.5 నుంచి 8 వరకు ఎటైనా మారవచ్చు. రక్తాన్ని నిలకడగా ఉంచడానికే మూత్రం మారుతుంది. విరేచనాల్లో నీళ్లతోపాటు బైకార్బనేట్ అనే క్షారం కూడా పోతుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఊపిరితిత్తులు నిమిషాల్లోనే స్పందిస్తాయి. అందుకే పిల్లలు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తారు. కిడ్నీది నిదానం. పూర్తి బలం చూపడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. వడపోసిన బైకార్బనేట్‌ను వెనక్కి లాక్కుంటుంది, ఆమ్లాన్ని మూత్రంలోకి నెడుతుంది. ఆ ఆమ్లాన్ని ఒట్టిగా పంపితే పీహెచ్ 4.5 దగ్గరే దారి మూసుకుపోతుంది. అందుకని ఫాస్ఫేట్‌కు, తానే తయారుచేసే అమ్మోనియాకు జతచేసి పంపుతుంది. (ఆ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. పిల్లలకు చెప్పండి.)

వాంతుల లెక్క వేరు. కడుపులోని ఆమ్లం పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. మొదట్లో మూత్రమూ అలాగే మారుతుంది. కానీ ఒంట్లో నీరు, ఉప్పు, పొటాషియం బాగా తగ్గాక, కిడ్నీ ముందు వాటిని కాపాడుకుంటుంది. అప్పుడు రక్తం క్షారంగా ఉన్నా మూత్రం ఆమ్లంగానే వస్తుంది! కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఇంట్లో వంటసోడా నీళ్లు, మందుల షాపు సిరప్‌లు పట్టించడం మంచిది కాదు.

పట్టించాల్సింది ఓఆర్ఎస్. లీటరు ద్రావణంలో 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది బైకార్బనేట్‌గా మారుతుంది. ప్యాకెట్ మీద 'డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా' అని ఉందో లేదో చూసి కొనండి. ఆ ఫార్ములా కాని తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం ఉంది.

బిడ్డకు ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఊపిరి లోతుగా, వేగంగా తీస్తున్నా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.