ఈగ కంట్లో తెల్ల మచ్చలు

వానాకాలంలో జ్వరం దిగకపోతే సిద్దిపేటలో డాక్టర్లు రాసే పరీక్షల్లో డెంగీ ఎన్ఎస్1 కిట్ ఒకటి. ఆ చిన్న పట్టీ మీద పరీక్ష గీత పడిందంటే అందులోని యాంటీబాడీ వైరస్ ప్రొటీన్‌ను పట్టుకుందని అర్థం. రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు వస్తే, హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలున్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు యాంటీబాడీలతో వెతికింది రోగాన్ని కాదు. జన్యువుల నోరు నొక్కే ప్రొటీన్లు క్రోమోజోమ్ మీద ఎక్కడ కూర్చుంటాయో వెతికారు.

కథ మాత్రం ఈగతో మొదలైంది. మగ్గిన అరటిపండు మీద ముసిరే ఆ చిట్టి ఈగకు కళ్లు ఎర్రగా ఉంటాయి. 1930లో జన్యు శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ ఎక్స్‌రేలు సోకించిన ఈగల సంతతిలో కొన్నింటికి ఎరుపులో తెల్ల మచ్చలు కనిపించాయి. రంగునిచ్చే జన్యువు చెడిపోలేదు, చోటు మారిందంతే. క్రోమోజోమ్‌లో గట్టిగా ముద్దకట్టుకుని ఉండే భాగం పక్కన పడేసరికి కొన్ని కణాల్లో అది మూగబోయింది.

ఆ ముద్దలో ఏముంది? జవాబు దొరకడానికి అర్ధశతాబ్దం దాటింది. ఈగ పిండాల్లో డీఎన్ఏను గట్టిగా అంటిపెట్టుకునే ప్రొటీన్లను వేరుచేసి, వాటికి ఎలుకల ద్వారా యాంటీబాడీలు తయారుచేశారు అమెరికా శాస్త్రవేత్తలు టి.సి.జేమ్స్, సారా ఎల్గిన్. వాటిలో సీ1ఏ9 అనేది సరిగ్గా ఆ ముద్ద దగ్గరే అతుక్కుంది. అది పట్టుకున్న ప్రొటీనే హెచ్‌పీ1. ఆ సంగతి 1986లో ప్రచురించారు. మామూలుగా ప్రొటీన్ తెలిశాక యాంటీబాడీ చేయించుకుంటారు, ఇక్కడ వరస తిరగబడింది. వేటగాడికంటే ముందు కుక్క పసిగట్టినట్టు!

హెచ్‌పీ1ను అక్కడికి పిలిచేదెవరు? 2004 జనవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం ఈ చిక్కును కొంత విప్పింది. ఐఐసీటీ నుంచి మణికా పాల్ భద్ర, సీసీఎంబీ నుంచి ఉత్పల్ భద్ర, అమెరికా నుంచి జేమ్స్ బర్చ్‌లర్, ఎల్గిన్ అందులో భాగస్వాములు. చిన్న ఆర్ఎన్ఏలతో జన్యువులను అణచే యంత్రాంగంలో పివీ, ఆబర్జీన్, స్పిండిల్‌-ఈ అనే జన్యువులున్నాయి. వాటిలో లోపమున్న ఈగల్లో నిశ్శబ్దం సడలి, కంటి రంగు తిరిగి పుంజుకుంది. లోపల జరిగిందేమిటో చూపింది యాంటీబాడీలే. ఈగ లార్వా లాలాజల గ్రంథుల్లో క్రోమోజోమ్‌లు సుమారు వెయ్యి పోగులు కలిసి తాళ్లలా లావుగా ఉంటాయి. వాటిని గాజు పలక మీద పరిచి, యాంటీబాడీ వేసి, దాన్ని గుర్తుపట్టే మెరిసే రంగుతో చూస్తారు. లోపమున్న ఈగల్లో హెచ్‌పీ1 తన చోటు వదిలి చెదిరింది. దాన్ని రప్పించే గుర్తు, అంటే డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ మీది మిథైల్ గుర్తు కూడా తగ్గింది.

ఇంత కథా నడిచేది యాంటీబాడీ నిజం చెబితేనే. యాంటీబాడీ సీసా మీది చీటీని నమ్మడానికి లేదు. హిస్టోన్ గుర్తుల కోసం వాడే 200కు పైగా యాంటీబాడీలను పరీక్షిస్తే నాలుగో వంతుకు మించి తప్పాయని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. అందుకే జాగ్రత్తపరులు కొత్త సీసా రాగానే, వెతికే ప్రొటీన్ అసలు లేని కణాల మీద కూడా దాన్ని వేసి చూస్తారు. అక్కడా మెరిస్తే ఆ సీసాను పక్కన పెట్టాల్సిందే, ఎంత ఖరీదైనదైనా.