తలమీద చెంగు... ఎవరి మాట?

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఆదివారం పూజకు గంట మోగితే చాలు... ఆడవాళ్ల చెయ్యి తనంతట తానే పైట చెంగు మీదికి వెళ్తుంది. గుడి గడప దాటేలోపు చెంగు తలమీదికి చేరిపోతుంది. చీరైతే చెంగు, చుడీదారైతే చున్నీ. సముద్రపు గాలికి అది జారుతూనే ఉంటుంది, వాళ్లు సర్దుకుంటూనే ఉంటారు. చంకలో పిల్లాడున్నా సరే!

విశేషమేమిటంటే, తల కప్పుకోవాలని కతోలిక చర్చి చట్టం ఇప్పుడు ఎక్కడా చెప్పడం లేదు. మరి ఈ ముసుగు ఎక్కడి నుంచి వచ్చింది? రూలు పోయినా ఎందుకు నిలిచింది?

పౌలు లేఖతో మొదలు

ఈ ఆచారానికి మూలం పునీత పౌలు కొరింతు సంఘానికి రాసిన మొదటి లేఖ, 11వ అధ్యాయం. ప్రార్థించేటప్పుడు స్త్రీ తల కప్పుకోవాలి, పురుషుడు కప్పుకోకూడదు అన్నాడాయన. మన ఊళ్లలో మగవాళ్లు గుళ్లోకి వెళ్లేముందు తలగుడ్డ తీసేసేది కూడా ఈ లెక్కనే. స్త్రీకి పురుషుడు శిరస్సు అన్న మాటా ఆ అధ్యాయంలోనే ఉంది. ఇప్పటి అమ్మాయిలకు గుచ్చుకునేది అదే. కానీ స్త్రీలు సభలో నోరు తెరిచి ప్రార్థించేవారని, ప్రవచించేవారని కూడా అక్కడే ఉంది. ప్రభువులో ఇద్దరూ ఒకరు లేకుండా మరొకరు లేరన్న మాటా అక్కడిదే. ముసుగు గురించి గట్టిగా చెప్పేవాళ్లు ఈ రెండు సంగతులనూ తరచూ వదిలేస్తుంటారు.

చర్చి దీన్ని చట్టంగా రాసుకున్నది 1917లో. ఆ ఏటి చట్ట సంపుటిలోని 1262వ నిబంధన... మగవాళ్లు తల కప్పుకోకుండా, ఆడవాళ్లు తల కప్పుకుని, పద్ధతైన దుస్తులతో పూజకు రావాలంది. ఆ తర్వాత కాలం మారింది. పౌలు చెప్పిన తలముసుగు నాటి ఆచారానికి సంబంధించినదేననీ, ఇప్పుడది నియమం కాదనీ 1976లో వాటికన్ ప్రకటించింది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిబంధనే లేదు. యూరప్‌లో చాలాచోట్ల ముసుగులు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. కొరియాలో మాత్రం నేటికీ తెల్లటి లేసు ముసుగుతో పూజకు వచ్చేవారున్నారు. పోపును కలిసేటప్పుడు నలుపు ధరించడం పాత మర్యాద. 2017 మేలో మెలానియా ట్రంప్ నల్లముసుగుతో పోప్ ఫ్రాన్సిస్‌ను కలిసింది అందుకే. తెల్లదుస్తుల హక్కు కొందరు కతోలిక రాజవంశ స్త్రీలకే!

ఇక్కడ కొనక్కర్లేదు

ఉత్తరాంధ్రలో కతోలిక మిషన్‌కు పునాది వేసింది ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు. ఆల్ప్స్ ఒడిలోని అన్సీ నుంచి 1846లో విశాఖపట్నం చేరారు. సెయింట్ జోసఫ్ సిస్టర్లు 1849లో వారి వెనకే వచ్చారు. శ్రీకాకుళం మేత్రాసనం విశాఖ నుంచి విడిపడి 1993లో ఏర్పడింది. వచ్చినవారి దేశంలో ముసుగంటే విడిగా కొనుక్కునే వస్త్రం. ఇక్కడ ఆ అవసరమే రాలేదు. చీరలోనే ముసుగుంది!

పైగా ఒడిశా సరిహద్దు దగ్గర. ఒడియా ఇళ్లలో పెద్దల ముందు కోడళ్లు తలమీద చెంగు వేసుకోవడం పాత అలవాటు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టుల సంఘాల్లోనూ ఆడవాళ్లు ప్రార్థనలో చెంగు కప్పుకుంటారు. 1969లో భారతీయ పద్ధతులకు రోమ్ అనుమతి ఇచ్చాక చెప్పులు విడవడం, చేతులు జోడించడం, హారతి పూజలోకి వచ్చాయి. ఇంతటి మర్యాదల మధ్య చెంగు విదేశీ ఆచారంలా కనిపించలేదు. అందుకే చట్టం పోయినా చెంగు పోలేదు.

ముసుగుకు మరో ముఖమూ ఉంది. మొదటి సత్ప్రసాదం నాడు పాపకు తెల్లముసుగు, పెళ్లినాడు వధువుకు ముసుగు, మాటపట్టు ఇచ్చిన సిస్టరుకు జీవితాంతం ముసుగు. ఆడపిల్ల బతుకులోని పెద్ద రోజులన్నిటికీ అది తోడు. తోటల్లో, జీడిపప్పు పనిలో వారమంతా చెమటోడ్చే మనిషికి, ఆదివారం తలమీద వేసుకున్న ఉతికిన చెంగు తన కోసం మిగుల్చుకున్న కాసేపు. చుట్టూ జనమున్నా, లోపల ఆమే, దేవుడూ.

మరి ఎవరి ఇష్టం?

చిక్కంతా బలవంతం దగ్గరే. చున్నీ జారితే అందరి ముందూ గదమాయించడం, పక్క బెంచీలో ఫోను చూసుకునే అబ్బాయిని ఏమీ అనకపోవడం... ఇది అమ్మాయిలకు అర్థమవుతుంది. పై చదువులకు విశాఖ, హైదరాబాద్ వెళ్లి, తల కప్పుకోని స్త్రీలు కూడా సత్ప్రసాదం తీసుకోవడం చూసొచ్చాక ప్రశ్న మరింత సూటిగా వస్తుంది. ముసుగు లేదని సత్ప్రసాదం నిరాకరించాలని చెప్పే నిబంధన ఇప్పటి చర్చి చట్టంలో లేదు. ఈ సంగతి ఇళ్లలో పెద్దవాళ్లు ముందుగా తెలుసుకోవాలి.

అలాగని ముసుగు వేసుకునే అమ్మను పాతకాలపు మనిషని నవ్వడమూ తప్పే. ఆమె దాన్ని భయంతో కాదు, భక్తితో వేసుకుంటుంటే అది ఆమె ప్రార్థనలో భాగం. కూతురికి ఆ అలవాటు రావాలంటే తిట్లు పనికిరావు. తానెందుకు కప్పుకుంటోందో అమ్మ చెప్పాలి. విన్నాక కప్పుకోవాలో వద్దో కూతుర్ని తేల్చుకోనివ్వాలి. ఎలా వచ్చినా బెంచీలో అమ్మ పక్కన ఆమె చోటు ఆమెకు ఉండాలి.