విలువయు వెలయు: విత్తశాస్త్రపు తొలిపాఠములు

తెలుగున వెల, విలువ అను రెండు మాటలు కలవు. అంగడిలో వస్తువునకు చెల్లించునది వెల. ఆ వస్తువువలన కొన్నవానికి చేకూరునది విలువ. వ్యవహారమున ఈ రెండును తరచుగా కలిసిపోవుచున్నను, విశ్వవిద్యాలయములందు పెట్టుబడుల మూల్యనిర్ణయమును బోధించు పాఠక్రమము ఈ భేదముతోనే ఆరంభమగును. ఒక ఋణపత్రము గాని, కంపెనీ వాటా గాని నేడు ఎంతకు అమ్ముడుపోవుచున్నదో పత్రికలో చూడవచ్చును. అది అంత విలువ చేయునా అను ప్రశ్నకు పత్రిక సమాధానము చెప్పదు. ఆ సమాధానమును లెక్కించి రాబట్టు విధానమునకే మూల్యనిర్ణయమని పేరు.

బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము మొదలగు తావులందలి తెలుగు కుటుంబముల బిడ్డలు పలువురు నేడు వాణిజ్యశాస్త్ర పట్టపరీక్షలకు చదువుచున్నారు. ఈ విషయము వారికి ఆంగ్లమున, సూత్రముల రూపమున ఎదురగును. సూత్రము కంఠస్థమగును, లెక్క సరిపోవును. ఏల అట్లు చేయవలెనో మాత్రము తెలియకయే పరీక్ష గడచిపోవును. నిజమునకు ఆ పాఠమునకు మూలమైన భావము వర్తక కుటుంబములకు తరతరములుగా పరిచితమైనదే.

పూర్వము వర్తకులు వాడిన హుండీలలో దర్శని హుండీకి చూపిన వెంటనే సొమ్ము చెల్లెడిది. ముద్దతి హుండీకి గడువు తీరిన పిదపనే చెల్లెడిది. గడువునకు మునుపే సొమ్ము కావలసిన వర్తకుడు దానిని సాహుకారుకడకు గొనిపోగా, అతడు హుండీలో వ్రాసిన మొత్తమునుండి కొంత ముదరా తగ్గించి మిగిలినది ఇచ్చెడివాడు. ఆ తగ్గించినది రానున్న కాలమునకు వడ్డీ. ‘వర్తమాన విలువ’ అను గంభీరమైన పేరుతో విత్తశాస్త్రము చెప్పునది ఇదియే. రేపు రాబోవు సొమ్మును నేటి సొమ్ముగా మార్చుటకు ముదరా తీయవలెను. బ్యాంకులు బిల్లుల విషయమున ఆ వడ్డీని బిల్లు మొత్తముపై లెక్కించును, శాస్త్రము చేతికిచ్చిన సొమ్ముపై లెక్కింపుమనును. భేదము చిన్నదే గాని, విద్యార్థి దానిని ఎరుగకున్న లెక్క పోవును.

ఈ భావము వర్తకుల నోటనే గాక గణితగ్రంథములందును కలదు. క్రీ.శ. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున మిశ్రకవ్యవహారమను ప్రకరణమున్నది. అసలును వడ్డీయు కలిసిన మొత్తమును, వడ్డీ ధరయు, కాలమును తెలిసినపుడు అసలెంత అని కనుగొను లెక్కలు అందు కలవు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుని లీలావతియందును ఇట్టివి కనబడును. కన్నడ రాజుల ఏలుబడిలో వెలసిన ఆ మహావీరుని గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. కర్ణాటకమున నివసించు తెలుగువారు ఈ సంబంధమును ప్రత్యేకముగా స్మరింపదగును. ఆ లెక్కలు ముఖ్యముగా బారువడ్డీవి, నేటి పాఠము చక్రవడ్డీది. అడుగు ప్రశ్న మాత్రము ఒక్కటే: ఇంత మొత్తము కావలెనన్న నేడు అసలెంత ఉండవలెను?

సాలుకు నూటికి 10 వంతున 100 రూపాయలు ఏడాదికి 110 అగును. కావున ఏడాదికి రానున్న 110 రూపాయల నేటి విలువ 100. అయిదేండ్లకు రానున్న 1,000 రూపాయలను 1.10 చేత అయిదుమారులు భాగించినచో 620 రూపాయల 92 పైసలు వచ్చును. వడ్డీ 12 అయినచో అదే వేయి నేటికి 567 రూపాయల 43 పైసలే. వడ్డీ పెరిగిన విలువ తరుగును. ఈ విలోమసంబంధము చేతికి చిక్కినచో సగము పాఠము వచ్చినట్లే.

ఇట తెలుగు విద్యార్థి తడబడు తావొకటి కలదు. ఇండ్లలో వడ్డీని ‘నూటికి రూపాయి’ అని నెలలెక్కను చెప్పుదురు. పాఠ్యగ్రంథములు సాలులెక్కను చెప్పును. నూటికి రూపాయి యనగా సాలుకు 12. నెలనెలకు చక్రవడ్డీ కట్టినచో 12.68. ‘నూటికి మూడు’ అని విని, అది బ్యాంకు ఇచ్చు వడ్డీకంటె తక్కువని మురిసి అప్పుచేసినవాడు సాలుకు 36 చెల్లించుచున్నాడు. ఈ ఒక్క మార్పిడిని చేయనేరని ఇంట పట్టభద్రుడున్నను లేనట్లే.

అట్లే ‘మూడేండ్లలో సొమ్ము రెట్టింపు’ అని ఇంటింటికి తిరుగు ఏజెంటు మాటను వర్తమాన విలువ తెలిసినవాడు వెంటనే వడ్డీగా మార్చుకొనును. అది సాలుకు ఇంచుమించు 26. నిజాయితీగల ఏ వ్యాపారము ఏటేటా అంత సంపాదించి డిపాజిటుదారునకు పంచిపెట్టగలదని అతడు ప్రశ్నించును. నియంత్రణలేని డిపాజిటు పథకములను నిషేధించు చట్టము దేశమున 2019లో వచ్చినది. చట్టముకంటె ముందుగా ఇంటిని కాపాడునది ఈ లెక్క. సామాన్యమైన రేట్లకు మరియొక సులభోపాయము కలదు. 72ను వడ్డీరేటుచే భాగించినచో సొమ్ము రెట్టింపగుటకు పట్టు ఏండ్లు సుమారుగా తెలియును. 12 అయినచో ఆరేండ్లు.

ఋణపత్రములలో చిక్కు తక్కువ. రాబోవు సొమ్ము, తేదీలు పత్రముననే వ్రాసియుండును. ముఖవిలువ 1,000, ఏటా వడ్డీ 80, మూడేండ్ల గడువు గల పత్రమును తీసికొనవచ్చును. లోకమున వడ్డీ 10 అయినచో దాని విలువ 950 రూపాయల 26 పైసలు. 6 అయినచో 1,053 రూపాయల 46 పైసలు. పత్రము మారలేదు, దాని చుట్టునున్న లోకము మారినది.

వ్యాపారపు పెట్టుబడికి రాగా కొంత ఊహ అవసరమగును. తెలంగాణమునుండి వలసపోయి షోలాపురమున స్థిరపడిన పద్మశాలీలకు మరమగ్గములు పరిచితములు గనుక ఆ ఉదాహరణమే తీసికొనదగును. ఒక నేతకుటుంబము 1,00,000 రూపాయలతో యంత్రము కొనినది. ఖర్చులు పోగా ఏటా 30,000 చొప్పున నాలుగేండ్లు వచ్చును, తరువాత యంత్రమునకు అమ్మకపు వెల లేదు. కూడినచో 1,20,000. ఇరువదివేలు లాభమని సాధారణముగా అందురు. ఆ సొమ్ము అప్పుగా తెచ్చినది, వడ్డీ సాలుకు 12. నాలుగేండ్ల రాబడిని ముదరా తీసి కూడినచో 91,120 మాత్రమే. అనగా నేటి లెక్కన 8,880 రూపాయల నష్టము. ఈ యంత్రము నిజముగా సంపాదించునది సాలుకు సుమారు 7.7 మాత్రమే, దానిని 12 వడ్డీకి తెచ్చి నడపుట కుండకు చిల్లుపెట్టి నీరు పోయుట. చేతిసొమ్మే పెట్టినను లెక్క మారదు, ఆ సొమ్ము వేరొకచోట సంపాదింపగలిగిన వడ్డీని పోగొట్టుకొన్నట్లే. కుటుంబమువారి కష్టమునకు కూలి కట్టకయే ఆ 30,000 లెక్కించియుందురేని నష్టము ఇంకను ఎక్కువ. గృహపరిశ్రమలలో ఈ పొరపాటు మిక్కిలి సాధారణము.

కంపెనీ వాటాలయొద్ద శాస్త్రము కఠినమగును. 1929నాటి అమెరికా వాటాల పతనము పిమ్మట, కొలంబియా విశ్వవిద్యాలయమున బోధించిన బెంజమిన్ గ్రాహము, డేవిడ్ డాడ్ అను వారు 1934లో ప్రకటించిన గ్రంథము వాటాను వ్యాపారములో భాగముగా చూడవలెనని నేర్పినది. 1938లో జాన్ బర్ విలియమ్సు వాటా విలువ రానున్న డివిడెండులన్నిటి వర్తమాన విలువయని నిరూపించెను. వాటాను రేపు మరియొకనికి అమ్మి లాభము పొందెదను గదా యని అడుగవచ్చును. కొనువాడును దాని తరువాతి డివిడెండులను చూచియే కొనవలెను గనుక, చివరకు లెక్క డివిడెండుల యొద్దకే చేరును.

తరువాత మైరన్ గార్డను పేర ప్రసిద్ధమైన సూత్రము మిక్కిలి చిన్నది. వచ్చు ఏటి డివిడెండును, కోరు వడ్డీలోనుండి వృద్ధిరేటును తీసివేయగా మిగిలినదానిచే భాగింపవలెను. డివిడెండు 10 రూపాయలు, కోరు వడ్డీ 12, వృద్ధి 5 అయినచో వాటా విలువ 142 రూపాయల 86 పైసలు. వృద్ధి 8 అయినచో 250, 10 అయినచో 500. వృద్ధి 12 అయిన సూత్రమే పనిచేయదు. కంపెనీ మారలేదు, డివిడెండు మారలేదు. వృద్ధినిగూర్చిన ఊహ రెట్టింపగుటచే విలువ మూడురెట్లు దాటినది. పైగా ఆ వృద్ధి కలకాలము సాగవలెను. దేశపు ఆదాయముకంటె వేగముగా ఏ కంపెనీయు కలకాలము పెరుగజాలదు. పెరిగినచో దేశముకంటె కంపెనీయే పెద్దదగును. పరీక్షాపత్రమున వృద్ధిరేటును ప్రశ్నలోనే ఇచ్చెదరు, లోకమున దానిని ఎవ్వరును ఇయ్యరు. పాఠక్రమమున బోధకులు ఎక్కువ కాలము వెచ్చింపవలసిన తావు ఇదియే, వెచ్చించువారు తక్కువ.

కోరు వడ్డీని నిర్ణయించుటకు నష్టభయమును కొలువవలెను. 1952లో హారీ మార్కోవిట్జ్, 1964లో విలియమ్ షార్పు ఇందులకు మార్గములు చూపిరి. ఈ ఇరువురికిని మెర్టను మిల్లరుతోకూడ 1990లో నోబెలు బహుమానము లభించినది. వారి బీటా అను కొలతను గతకాలపు వాటా వెలలనుండియే లెక్కింతురు. వెల వేరు, విలువ వేరు అని ఆరంభించిన శాస్త్రము వడ్డీకై మరల వెలల వాకిటనే నిలుచుట చిత్రము. పొరుగు స్థలము వెలను చూచి తమ స్థలమునకు వెల కట్టినట్లు, సాటి కంపెనీల వెలలను బట్టి విలువ కట్టు పద్ధతియు కలదు. అది త్వరగా తేలును. పొరుగువారు మోసపోయియున్నచో అందరును మోసపోదురు.

ఊహలిట్లు మారుచుండ కొనువాడేమి చేయవలెను? గ్రాహము ఇందులకు భద్రతావకాశమును చూపెను. లెక్కలో విలువ 142 తేలినపుడు 140కి కొనరాదు, 100 లోపున దొరికిన కొనవచ్చును. నడుమనున్న ఆ ఎడము లెక్కలో దొరలు తప్పులకు విడిచిన చోటు. అది నూటికి ఎంత యుండవలెనో సూత్రము చెప్పదు. ఊహలు ఎంత బలహీనములో అంత ఎక్కువ యుండవలెను.

న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఈ విద్యను బోధించు అశ్వత్థ దామోదరన్ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటున చదివినవారు. వారి తరగతి ఉపన్యాసములు ఇంటర్నెట్టున ఉచితముగా లభించుచున్నవి. ఆంగ్లము కొంత వచ్చిన విద్యార్థి ఇంటనే వినవచ్చును. వినుటకు ముందు అసలు, బారువడ్డీ, చక్రవడ్డీ, ముదరా, గడువు అను అయిదు మాటలకును తన యింటి ఉదాహరణములతో లెక్కలు కట్టి, నూటికి రూపాయి లెక్కను సాలులెక్కగా మార్చుట అలవరచుకొన్నచో, మొదటి ఉపన్యాసములు అతనికి క్రొత్తగా తోచవు. తరువాత వృద్ధిరేటు వచ్చినను భయపడక ‘ఇది ఎవరి ఊహ?’ అని అడుగగలడు.