పాత కారునకు వంశవృక్షము

పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలిసికొనుటకు మనకు అడంగలు ఉన్నది, పాత దస్తావేజులు ఉన్నవి, రిజిస్ట్రారు కచేరీ ఉన్నది. కొట్టములో ముప్పది నలుబది యేండ్లుగా కదలక నిలిచియున్న కారు విషయములో మాత్రము అట్టి విచారణ చేయవలెనన్న తలంపే చాలమందికి కలుగదు. "మా జేజినాయన కారు" అన్న ఒక్క మాటతో దాని చరిత్ర ముగిసిపోవును. ఆయన దానిని ఎవరివద్ద కొన్నారు, వారికి అది ఎచ్చటినుండి వచ్చినది, కాగితములలో నేటికిని ఎవరి పేరున్నది అను ప్రశ్నలకు జవాబు లేనిచో, ఆ కారును రోడ్డుపైకి తెచ్చుట గాని, అమ్ముట గాని, అన్నదమ్ములు పంచుకొనుట గాని సులభము కాదు. అట్టి కారు పూర్వ యజమానులను కనుగొనుటకు గల మార్గములను ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

ఇడుపులపాయనే ఉదాహరణగా తీసికొందము. కడప జిల్లా వేంపల్లె మండలములోని ఈ గ్రామము ట్రిపుల్ ఐటీ వలనను, ముఖ్యమంత్రిగా ఉండి 2009లో మరణించిన వై.యస్. రాజశేఖరరెడ్డిగారి సమాధి వలనను నేడు రాష్ట్రమంతటికి ఎరుకయైనది. ఈ ఊరి రైతు ఇంట 1952 నాటి హిందూస్థాన్ 14 కారు ఒకటి ఉన్నదనుకొందము. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి, కలకత్తా దాపున ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సు వారు తయారుచేసిన కారు అది. తరువాత 1957లో వచ్చిన అంబాసిడర్‌కు అన్నవంటిది. దీని వంశవృక్షమును ఎట్లు వ్రాయవలెను?

మొదట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. నంబరు పలక కారు పేరు కాదు. అది మారవచ్చును. కారునకు పుట్టుకతో వచ్చి, తుదివరకు ఉండునది ఛాసిస్ నంబరు. ఇంజను నంబరును కూడ పూర్తిగా నమ్మజాలము, ఏలయన పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టించుట మన ప్రాంతములలో మిక్కిలి వాడుక. కనుక శోధన ఆరంభించువారు బానెట్ ఎత్తి, దుమ్ము తుడిచి, ఛాసిస్ నంబరును స్వయముగా చూచి వ్రాసికొనవలెను. లోహముపై కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు ఇంకను మేలు. రవాణా కార్యాలయమువారు కోరునదియు అట్టి అచ్చునే. ఇసుక కాగితముతో రుద్దుట, రంగు వేయుట అటుతరువాతి పని. తొందరపడి రుద్దినచో ఉన్న ఆధారమే చెరిగిపోవును.

ఇక నంబరు పలక సంగతి. 1952లో కడప జిల్లా మద్రాసు రాష్ట్రములోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. మద్రాసు నంబర్లు 'ఎం' అక్షరముతోను, ఆంధ్ర నంబర్లు 'ఏ' అక్షరముతోను మొదలగుచుండెను. 1989లో క్రొత్త మోటారు వాహనముల చట్టము అమలులోనికి వచ్చిన తరువాత ఏపీ 04 కడప జిల్లాకు గుర్తయినది. 2019లో క్రొత్త బండ్లకు రాష్ట్రమంతటికిని ఏపీ 39 అను ఉమ్మడి గుర్తు ప్రవేశపెట్టబడినది. ఇడుపులపాయలోని కారునకు 'ఎం'తో మొదలగు నంబరున్నదనగా, దాని తొలి చిట్టా కడపలో దొరకకపోవచ్చునని, మద్రాసు వైపు చూడవలెనని అర్థము. చిరునామా కూడ కాలమును చెప్పును. పుస్తకములో మండలము పేరు లేక తాలూకా పేరున్నచో, ఆ నమోదు సామాన్యముగా 1985కు పూర్వపుది, ఏలయన మండలములు ఏర్పడినది ఆ సంవత్సరముననే.

శోధన ఎప్పుడును వెనుకకు నడువవలెను. మొదటి యజమాని ఎవరో ఊహించి ముందునకు వచ్చుటకంటె, చివరి యజమానినుండి ఒక్కొక్క మెట్టు దిగుట క్షేమము. ఇంటిలో ఆర్.సి. పుస్తకమున్నచో సగము పని అయినట్లే. అందు యజమానుల పేర్లు, బదిలీ తేదీలు, కార్యాలయపు ముద్రలు ఉండును. కారు అప్పుపై కొన్నదైనచో అప్పిచ్చిన సంస్థ పేరు కూడ ఉండును. ఆర్.సి. లేనిచో పన్ను రసీదులు, బీమా కాగితములు వెదకవలెను. ఇతరులకు కలుగు నష్టమునకు బీమా చేయుట మన దేశములో 1946 నుండి విధియైనది. కనుక నడచిన ప్రతి కారునకు ఏదో ఒకనాడు బీమా పత్రము ఉండియే తీరవలెను. 1972లో సాధారణ బీమాను జాతీయము చేసినప్పుడు ప్రైవేటు కంపెనీలు నాలుగు ప్రభుత్వ సంస్థలలో కలిసిపోయినవి. పత్రముపైనున్న పాత కంపెనీ పేరు నేడు వినబడకున్నను, అది దేనిలో కలిసినదో విచారించి అడుగవచ్చును.

కాగితములందు తెగిన లంకెలు తరచుగా కనబడును. కారు చరాస్తి. 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము నోటిమాటతోను, సొమ్ము చెల్లింపుతోను అమ్మకము జరుగవచ్చును. దస్తావేజు వ్రాయనక్కరలేదు. అందువలన ప్రొద్దుటూరు వర్తకుడొకరు జమ్మలమడుగు మిత్రునికి కారు అమ్మి, ఖాళీ ఫారములపై సంతకము చేసి ఇచ్చి ఊరకుండవచ్చును. ఆ మిత్రుడు వాటిని పూరింపకయే పులివెందులలో ఇంకొకరికి అమ్మవచ్చును. కారు ముగ్గురి చేతులు మారినను పుస్తకములో మొదటివాని పేరే నిలిచియుండును. దీనివలని ప్రమాదమును మొదటివాడే ఎక్కువగా గుర్తింపవలెను. పేరు మార్పించని కారు వలన ప్రమాదము జరిగినచో, పుస్తకములో పేరున్న యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కొన్నవానికిని చిక్కు లేకపోలేదు. తనకు లేని హక్కును ఎవ్వరును ఇతరునికి అమ్మజాలరన్నది ఆ విక్రయ చట్టములోని మూలసూత్రము. నడుమ ఒక లంకె దొంగసొత్తయినచో తరువాతి లంకెలన్నియు సడలిపోవును.

ఇట్టి ఖాళీలను పూరించునది మనుష్యుల జ్ఞాపకము. పాత మెకానిక్కులు, డ్రైవర్లు, పెట్రోలు బంకులో పనిచేసినవారు కార్లను మనుష్యులవలె గుర్తుపట్టుదురు. పెండ్లి ఫోటోలు మరియొక ఆధారము. పెండ్లికొడుకు ప్రక్కన నిలిచిన కారు నంబరు స్పష్టముగా కనబడినచో, పెండ్లి తేదీ కారు తేదీ కూడ అగును. కాని ఫోటోలోని కారు పెండ్లివారిదే కానక్కరలేదు, ఎరువు తెచ్చినదైనను కావచ్చును. కనుక నోటిమాట ఎంత గట్టిగా చెప్పినను, దానిని వేరొక సాక్ష్యముతో సరిచూడవలెను. ఇద్దరు వేరువేరుగా చెప్పినది కలిసినచో విలువ హెచ్చును. ఒకరి నోట విన్నదానినే రెండవవారు చెప్పినచో అది ఒక్క సాక్ష్యమే.

ప్రభుత్వ కార్యాలయముల సంగతి చూతము. 1988 నాటి చట్టము ప్రతి రాష్ట్రమును వాహనముల రిజిస్టరు ఉంచుమని ఆదేశించినది. నేడు ఆ వివరములు 'వాహన్' అను కంప్యూటరు చిట్టాలోనికి చేరినవి. కాని తరతరముల పాత పుస్తకములన్నియు అందు చేరియుండునని ఆశింపరాదు. సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవచ్చును. అయితే ఇతరుల స్వంత వివరములను ఆ చట్టమే కొంతవరకు కాపాడుచున్నది. కనుక "పూర్వ యజమాని ఎవరు, ఎచ్చట ఉన్నారు" అని అడుగుటకంటె, "ఈ ఛాసిస్ నంబరు గల కారు తొలి నమోదు ఏ తేదీన జరిగినది, ఎన్నిమార్లు బదిలీ అయినది" అని అడుగుట ఫలప్రదము.

జీపుల విషయములో ఒక విశేషము కలదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత సైన్యమునకు మిగులైన జీపులనేకము ప్రజలకు అమ్మబడినవి. వాటికి అంతకుముందు సివిల్ నంబరు ఉండదు. అట్టి జీపు తొలి యజమాని పేరు వెదకుట వృథా. అమ్మకపు పత్రమే దాని జన్మపత్రిక.

కొన్ని కార్లకు ఈ శ్రమయంతయు లేదు. రోల్స్ రాయిస్ కంపెనీవారు ఒక్కొక్క ఛాసిస్‌కు వేరుగా చీటి వ్రాసి, కొన్నవారి పేరు, బాడీ కట్టినవారి పేరు నమోదు చేసిరి. ఆ చీటీలు ఇంగ్లండులో భద్రముగా ఉన్నవి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ప్రదర్శింపబడిన పసుపుపచ్చని సిల్వర్ గోస్ట్ కారు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు ఆజ్ఞాపింపబడి, 1911లో ఆయన మరణించుటచే కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు సంక్రమించినది. ఒకే వంశము, ఒకే గృహము. ఇంగ్లండులోనే తయారైన మోరిస్, ఆస్టిన్ కార్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియమువారు కర్మాగారపు చిట్టాలను చూచి ధ్రువపత్రము నిత్తురు. మన రైతు ఇంటి హిందూస్థాన్ 14 కు అట్టి భాగ్యము లేదు. దాని చరిత్రను సామాన్యులే కూర్చవలెను.

ఈ శ్రమకు నేడు చట్టరీత్యా ప్రయోజనమును కలదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక నియమములు ప్రకటించినది. తొలి నమోదునుండి 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పులేక ఉన్న స్వంత వాహనములకు అవి వర్తించును. పాత నంబరున్నవారు దానినే ఉంచుకొనవచ్చును. క్రొత్తగా ఇచ్చు నంబరులో 'వీఏ' అను అక్షరములుండును. రుసుము క్రొత్త నమోదునకు 20,000 రూపాయలు, తిరిగి నమోదునకు 5,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపుకొనవచ్చును గాని నిత్యోపయోగమునకు, వ్యాపారమునకు వాడరాదు. ఇందు గమనింపవలసినది 'తొలి నమోదునుండి' అను మాట. ఆ తేదీని రుజువు చేయలేనివారు, కారు ఎంత పాతదైనను, ఈ సదుపాయమును పొందుట కష్టము. డీజిల్ ఇంజను పెట్టించినవారికిని ఇదే చిక్కు.

చివరగా శోధకులకు రెండు మాటలు. పాత యజమాని కుటుంబము దొరికినప్పుడు, కారుపై హక్కు చెప్పుటకు గాక చరిత్ర తెలిసికొనుటకు వచ్చినామని మొదటనే చెప్పవలెను. వారు చెప్ప నిష్టపడనిదానిని బలవంతపెట్టరాదు. రెండవది, ఖాళీని ఖాళీగానే వ్రాయవలెను. ఏదో జమీందారు పేరు తగిలించినచో వెల పెరుగునని ఆశపడువారు కలరు. కాని కొనువాడు ఆ పేరును శోధించిననాడు నిజమైన లంకెలపైనను నమ్మకము పోవును. ఒక నోటుపుస్తకమును కొని మొదటి పుటలో ఛాసిస్ నంబరును, తరువాత ప్రతి యజమాని పేరును, తేదీని, అది ఎట్లు తెలిసినదో దానిని వ్రాసి కారుతోనే ఉంచుడు. జేజినాయనను ఎరిగినవారు ఊరిలో ఇంకను ఉన్నచో, ఆ పనిని వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయకుడు.