మీటరు చెప్పని లెక్క!

2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి చిన్న ట్రక్కు ఎందరికో ఇంటి పెద్దకొడుకైంది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెకండ్ హ్యాండ్ పికప్ వైపు చూస్తారు. మీటరులో 2 లక్షల కిలోమీటర్లు కనిపిస్తే వెనకడుగు వేస్తారు, 70 వేలుంటే ఎగిరి గంతేస్తారు. కానీ మీటరును వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. దానికన్నా వేళకు ఆయిలు మారుస్తూ 2 లక్షలు తిరిగిన బండే నయం కావచ్చు.

మరి తెలిసేదెలా? పెడళ్ల రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు చూడండి. అవి బాగా అరిగి, మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంటే అనుమానించాల్సిందే. పొద్దున్నే వెళ్లి, ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోందని అర్థం. నడుస్తున్న ఇంజినుకు ఆయిలు మూత తీయగానే పొగ గుప్పుమంటే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. ఛాసిస్‌కు వెల్డింగులు, విరిగిన కమాన్ కట్టలు కనిపిస్తే మోయలేని బరువులు మోసిందేమో ఆరా తీయండి.

కాగితాలూ అంతే ముఖ్యం. ఆర్సీలో ఫైనాన్సు ఉంటే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వొద్దు. పాత బాకీ కింద బండిని పట్టుకుపోతే నష్టపోయేది మీరే. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు, ఆ ఖర్చూ లెక్కేసుకోండి. చలాన్లు, బీమా చూసుకుని, ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని వెంటనే పేరు మార్పించుకోండి.

అన్నట్టు, బేరానికి తెలిసిన మెకానిక్కును తీసుకెళ్లండి. రేపు ఇంజిను బోరుకొస్తే అయ్యే ఖర్చు ముందు అతనికిచ్చే కూలి ఏపాటిది!