రాష్ట్రపతి చేతిలో ఏముంది?

*రాజ్యాంగంలో రాయని అధికారాలు... రాసిన హద్దులు*

1986లో పార్లమెంటు ఉభయసభలూ ఒక పోస్టాఫీసు బిల్లును ఆమోదించి రాష్ట్రపతి భవన్‌కు పంపాయి. పౌరుల ఉత్తరాలను విప్పి చూసే వీలును ప్రభుత్వానికి కల్పించే బిల్లు అది. ప్రధాని రాజీవ్ గాంధీకి లోక్‌సభలో 400 మందికి పైగా సభ్యుల బలం ఉంది. అయినా రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకం పెట్టలేదు. పెట్టనని చెప్పలేదు. వెనక్కీ పంపలేదు. 1987 జులైలో ఆయన పదవి దిగేదాకా ఆ కాగితం కదల్లేదు, ఆ తర్వాతా చట్టం కాలేదు. ఫలానా రోజుల్లోగా సంతకం చేయాలని 111వ అధికరణం ఎక్కడా చెప్పదు మరి!

ఆ రోజుల్లోనే రాజీవ్‌ను బర్తరఫ్ చేస్తారన్న పుకారు ఢిల్లీని వణికించింది. జైల్ సింగ్ ఆ పని చేయలేదు. కానీ చేయవచ్చేమోనన్న అనుమానమే ప్రభుత్వాన్ని కొన్నాళ్లు నిద్రపోనివ్వలేదు.

అసలు రాష్ట్రపతి సొంతంగా నడవవచ్చా? ఈ ప్రశ్న మొదటి రాష్ట్రపతితోనే పుట్టింది. 1951లో హిందూ కోడ్ బిల్లు విషయంలో తన విచక్షణ ప్రకారం నడుచుకుంటానని బాబూ రాజేంద్రప్రసాద్ నెహ్రూకు రాశారు. నెహ్రూ ఇద్దరు న్యాయకోవిదులను అడిగారు. ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాద్, మరొకరు మన నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాల్సిందేనని ఇద్దరూ తేల్చారు. పాతికేళ్ల తర్వాత 42వ సవరణ ఆ మాటనే రాజ్యాంగంలోకి ఎక్కించింది. 44వ సవరణ కాస్త సందు ఇచ్చింది: సలహాను ఒక్కసారి పునరాలోచనకు పంపవచ్చు. అదే సలహా మళ్లీ వస్తే తల ఊపాల్సిందే.

రాష్ట్రపతికి మిగిలిన ఆయుధం ప్రశ్న. అది అడగకపోతే ఏమవుతుందో 1975 జూన్ 25 రాత్రి తెలిసింది. ఎమర్జెన్సీ పత్రం వచ్చినప్పుడు మంత్రివర్గం ఇంకా సమావేశమే కాలేదు. ‘కేబినెట్ తీర్మానం ఏది?’ అని ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఒక్క మాట అడిగి ఉండాల్సింది. సంతకం చేశారు. మంత్రులకు తెలిసింది మర్నాడు ఉదయం.

సంజీవరెడ్డి లెక్క

ఏ పార్టీకీ మెజారిటీ లేనినాడు మాత్రం కథ తిరగబడుతుంది. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామాతో బంతి నీలం సంజీవరెడ్డి కోర్టులో పడింది. మొదట ప్రతిపక్ష నేత వై.బి.చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. అప్పుడు మొరార్జీని, చరణ్ సింగ్‌ను మద్దతుదారుల జాబితాలు ఇవ్వమన్నారు. కొన్ని పేర్లు రెండు జాబితాల్లోనూ కనిపించాయి! చివరికి లెక్క చరణ్ సింగ్ వైపు మొగ్గింది. బలం నిరూపించుకోవాలన్న షరతుతో ఆయన ప్రధాని అయ్యారు. ఆగస్టు 20న ఇందిరా కాంగ్రెస్ మద్దతు లాగేసింది. సభ ముఖం చూడకుండానే చరణ్ సింగ్ రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. నాకొక అవకాశం ఇవ్వండని జగ్జీవన్ రామ్ అడుగుతున్నా, 22న సంజీవరెడ్డి సభను రద్దు చేశారు.

తెలుగువాడన్న అభిమానం పక్కన పెట్టి చెప్పాలంటే, ఆ నిర్ణయం నాకు మింగుడు పడదు. ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రధాని మాటకు అంత విలువ ఇచ్చి, ఒక దళిత నాయకుడికి తలుపు మూయడం న్యాయం అనిపించదు. సలహా వెనక సభ బలం లేనప్పుడు రాష్ట్రపతి విచక్షణ ఎంత పెద్దదో, ఎంత ప్రమాదకరమో కూడా ఆ నెల చూపించింది.

కారణం చెప్పిన రాష్ట్రపతి

ఆ విచక్షణను శుభ్రంగా వాడినవారు కె.ఆర్.నారాయణన్. 1998 మార్చిలో వాజపేయిని వెంటనే పిలవకుండా మద్దతు లేఖలు అడిగారు. 12 మంది ఎంపీలున్న తెలుగుదేశం తటస్థంగా ఉంటామని చెప్పాకే లెక్క కుదిరింది. ఎవరి బలం ఎంతో, ఎందుకు పిలిచారో ప్రకటనలో ప్రజలకు వివరించారు. అంతకుముందు 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫార్సును గుజ్రాల్ కేబినెట్‌కు తిప్పి పంపారు. వాళ్లు వెనక్కి తగ్గారు. 1998 సెప్టెంబరులో బిహార్‌పై వాజపేయి కేబినెట్ పంపిన సిఫార్సుకూ అదే గతి పట్టింది. జైల్ సింగ్ మౌనం కన్నా ఈ రాతపూర్వక అభ్యంతరమే ఆ పదవికి గౌరవం. మౌనానికి ఎవరూ జవాబు చెప్పలేరు, రాతకు చెప్పక తప్పదు.

అయినా హద్దు హద్దే. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపితే, పార్లమెంటు అక్షరం మార్చకుండా మళ్లీ పంపింది. ఆగస్టులో ఆయన సంతకం చేశారు. నారాయణన్ కూడా 1999 ఫిబ్రవరిలో, బిహార్‌లో దళితుల ఊచకోతల తర్వాత కేబినెట్ మళ్లీ సిఫార్సు చేస్తే ఒప్పుకున్నారు. రాజ్యసభలో బలం చాలక మార్చిలో ప్రభుత్వమే ఆ పాలనను ఎత్తేసింది. రబ్రీదేవి తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.