వస్త్రమును వసుధయును

మనము కట్టు బట్ట భూమాతకు భారమగుచున్నదని యెన్నఁడైనఁ దలఁచితిమా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1973లో వెలసిన పటగోనియా యను వస్త్రసంస్థ 1993లో, పాఱవేసిన ప్లాస్టిక్ సీసాలను నూలుగా మార్చి వెచ్చని యంగీలు చేయింప మొదలిడెను. 1996లో పురుగుమందులు చల్లిన ప్రత్తిని విడిచి సేంద్రియపుఁ బ్రత్తికి మాఱెను. 2011లో తన యంగీని కొనవలదని తానే పత్రికలోఁ బ్రకటించెను! చినిఁగిన దుస్తులను బాగుచేసియు నిచ్చుచున్నది.

2040 నాఁటికిఁ దన వలనఁ గలుగు బొగ్గుపులుసు వాయుభారమును నికరముగా సున్న చేయ సంకల్పించినది. అం దధికభాగము బట్ట తయారగునపుడే పుట్టుటచే నిది సులభసాధ్యము కాదు. కావున ఉన్న బట్టనే మఱికొన్నాళ్లు కట్టుట మేలని మాకుఁ దోఁచుచున్నది. అమ్మువారే వలదనఁగా, కొను మనము యోచింపవలదా? మన యవ్వలు పాతచీరలను బొంతలుగాఁ గుట్టిరి. ఆ సూదిని మరలఁ జేపట్టుదము.